కూత ఒక్కటే చాలదు.. పట్టు కావాలి!

బెంగళూరు బుల్స్ పేరు చెబితే హిందూపురం, మడకశిర, కుప్పం వైపు కుర్రకారుకు ముందుగా గుర్తొచ్చేది కూత. గీత దాటి లోపలికి దూకి, ఇద్దరు ముగ్గుర్ని తాకి, చుట్టుముట్టేలోగా గాల్లోకి లేచి వెనక్కి వచ్చే ఆ కూత. ప్రొ కబడ్డీ లీగ్ 2014లో మొదలైంది. 2025 దాకా పన్నెండు సీజన్లు జరిగాయి. లీగ్‌లోకెల్లా పేరుమోసిన కూతగాళ్లు బుల్స్ ఎర్ర చొక్కా వేసుకున్నారు. అయినా ఈ పన్నెండు సీజన్లలో ఆ జట్టుకు చిక్కిన కప్పు ఒక్కటే. అదీ 2019 జనవరి 5న. ఇంత కూత ఉన్న జట్టుకు ఒక్క కప్పేనా?

కారణం కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. రెండు స్కోర్లు పక్కపక్కన పెట్టుకుంటే చాలు. 2019 జనవరిలో ముంబయి ఫైనల్లో బుల్స్ సాధించింది 38 పాయింట్లు. గుజరాత్ 33 దగ్గర ఆగింది. కప్పు వచ్చింది. అదే ఏడాది అక్టోబర్ 16న అహ్మదాబాద్‌లో జరిగిన సెమీస్‌లోనూ బుల్స్ సాధించింది సరిగ్గా 38 పాయింట్లే. ఈసారి దబంగ్ ఢిల్లీ 44 సాధించింది. జట్టు ఇంటిదారి పట్టింది. కూత అదే, ముందుండి కూతకెళ్లిన పవన్ సెహ్రావత్ కూడా అతడే, సాధించిన పాయింట్లూ అవే. మారింది పట్టు.

ఇదేదో ఒక్కసారి జరిగిన ముచ్చట కాదు. 2022 ఫిబ్రవరి సెమీస్‌లో మళ్లీ దబంగ్ ఢిల్లీ చేతిలోనే 35-40తో ఓటమి. అదే ఏడాది డిసెంబర్ సెమీస్‌లో జైపూర్ పింక్ పాంథర్స్ చేతిలో 29-49తో చిత్తు. 2025 అక్టోబర్‌లో ఢిల్లీలో జరిగిన ఎలిమినేటర్‌లో పట్నా పైరేట్స్ చేతిలో 37-46. ఈ నాలుగు సార్లూ బుల్స్ ఇంటికొచ్చిన మ్యాచ్‌లో ఎదుటి జట్టుకు ఇచ్చింది వరుసగా 44, 40, 49, 46. నలభైకి తగ్గిన రోజు లేదు.

ఇక కప్పు గెలిచిన జట్ల సంగతి చూడండి. 2019 జనవరి నుంచి 2025 అక్టోబర్ దాకా ఏడు ఫైనళ్లు జరిగాయి. గెలిచిన జట్టు ఫైనల్లో ఎదుటివాళ్లకు ఇచ్చిన పాయింట్లు వరుసగా 33, 34, 36, 29, 25, 23, 28. ఏడింటిలో ఒక్కసారి కూడా 36 దాటలేదు. గెలిచిన జట్టు సాధించిన పాయింట్లయినా ఆకాశాన్నంటేవి కావు. పుణెరి పల్టన్ 28 పాయింట్లతో, హర్యానా స్టీలర్స్ 32తో, దబంగ్ ఢిల్లీ 31తో కప్పు ఎత్తాయి. అంటే ఫైనల్ గెలవడానికి నలభై యాభై పాయింట్లు అక్కర్లేదు. ఎదుటివాడిని ముప్పై దగ్గర ఆపగలిగితే చాలు. బుల్స్‌కు ఇన్నేళ్లుగా తెలియనిది, తెలిసినా చేతకానిది ఇదే.

లీగ్ వేరు.. ప్లేఆఫ్స్ వేరు

లీగ్ దశ జాతర లాంటిది. ఒకరోజు ఓడినా మరో రోజు ఉంటుంది. 2024 సీజన్ వరకు గెలిస్తే అయిదు పాయింట్లు, ఏడు లేదా అంతకంటే తక్కువ తేడాతో ఓడినా ఒక పాయింటు దక్కేది. కాబట్టి దూకుడుగా ఆడి అటోఇటో అయినా నష్టం కొంతే. పోయింది పోగా ఎంతో కొంత మిగిలేది. బలహీనమైన జట్ల మీద పాయింట్ల వాన కురిపించి, బలమైన జట్ల దగ్గర దగ్గరగా ఓడినా పట్టికలో పైకి పోవచ్చు.

2025లో లెక్క మార్చేశారు. గెలిస్తే రెండు, ఓడితే సున్నా. లీగ్ మ్యాచ్ సమమైనా టైబ్రేకర్‌లో తేల్చేయాల్సిందే. అంటే లీగ్ మ్యాచ్ కూడా ప్లేఆఫ్స్ లెక్కలోకి వచ్చేసింది. అడ్డం తిరిగిన మ్యాచ్‌ను చివరి రెండు మూడు నిమిషాల్లో కాచుకోవడం తెలిసిన జట్టుకే బతుకు. ఆ చివరి నిమిషాల్లో ఆధిక్యంలో ఉన్న జట్టు కూతగాడు ముప్పై సెకన్లూ గీత దగ్గరే కరిగించి వచ్చేస్తాడు. ఎదుటి జట్టు కూతగాడు తెగించి లోపలికి వస్తాడు. వాడిని పట్టగలిగితే మ్యాచ్ అయిపోయినట్టే. పట్టలేకపోతే అంతదాకా కూడబెట్టిన ఆధిక్యం రెండు కూతల్లో కరిగిపోతుంది.

ప్లేఆఫ్స్‌లో మరో తిరకాసు కూడా ఉంది. అక్కడికి వచ్చేసరికి ప్రతి జట్టు వీడియోలు ప్రతి కోచ్ దగ్గరా ఉంటాయి. ఏ కూతగాడు ఎటువైపు నుంచి వస్తాడు, బోనస్ కోసం ఏ కాలు ముందు పెడతాడు, అలసిపోతే ఏం చేస్తాడు.. అన్నీ తెలిసిపోతాయి. లీగ్‌లో ఆశ్చర్యపరిచిన ఎత్తు ప్లేఆఫ్స్‌లో పాతబడిపోతుంది. ఒకే ఎత్తు మీద బతికే జట్టుకు అక్కడే గండం.

పవన్ ఉన్న రోజులు

పవన్ సెహ్రావత్ ఆట చూసినవాళ్లు అంత తేలిగ్గా మరిచిపోలేరు. 2019 జనవరి ఫైనల్లో బుల్స్ 38 పాయింట్లలో 22 అతడివే. విరామ సమయానికి గుజరాత్ ముందుంది. రెండో సగంలో పవన్ ఒక్కడే మ్యాచ్‌ను మెడబట్టి ఇటు తిప్పాడు. అదే ఏడాది అక్టోబర్ 2న హర్యానా స్టీలర్స్ మీద ఒకే మ్యాచ్‌లో 39 పాయింట్లు తెచ్చి రికార్డు రాశాడు. ఆ రోజు బుల్స్ 59-36తో గెలిచింది. సరిహద్దు పల్లెల్లో టీవీల ముందు ఈలలు మోగిన రోజది.

కానీ క్యాలెండర్ మరో రెండు వారాలు తిప్పండి. అక్టోబర్ 14న ఎలిమినేటర్. యూపీ యోధా మీద అదనపు సమయం దాకా పోయి 48-45తో గట్టెక్కారు. గెలిచారు సరే, 45 ఇచ్చారు. ఆ ప్రమాద ఘంట ఎవరికీ వినపడలేదు. రెండ్రోజుల తర్వాత సెమీస్‌లో 44 ఇచ్చి బయటికొచ్చారు.

తర్వాతా అదే వరస. 2022 ఫిబ్రవరిలో ఎలిమినేటర్‌లో గుజరాత్ మీద 49-29 గెలుపు, రెండ్రోజులకే సెమీస్‌లో ఓటమి. ఆ ఏడాది డిసెంబర్‌లో పవన్ జట్టులో లేడు. తమిళ్ తలైవాస్ రెండు కోట్ల ఇరవై ఆరు లక్షలకు ఎత్తుకుపోయింది. అతడి స్థానంలో భరత్ హుడా విజృంభించాడు. ఎలిమినేటర్‌లో దబంగ్ ఢిల్లీని 56-24తో నేలమట్టం చేశారు. ఇక కప్పు మనదే అనుకున్నారు అందరూ. రెండ్రోజులకు సెమీస్‌లో 29-49! ఇల్లు అలకగానే పండగ కాదని ఊరికే అన్నారా?

మూడు సార్లూ ఎలిమినేటర్‌లో బాణసంచా, సెమీస్‌లో బూడిద. పవన్ ఉన్నా అంతే, పవన్ లేకున్నా అంతే. కాబట్టి తప్పు ఆటగాడిది కాదు. జట్టును కట్టిన తీరుది. ముందు ఒక పెద్ద కూతగాడు, వాడి వెనక మిగతావాళ్లు. ఇదే బుల్స్ బాణీ అయిపోయింది.

బెంచీ మీద కూర్చున్న వీరుడు

ఈ బాణీలో లోపం ఎక్కడుందో చెడుగుడు ఆడిన ఎవరికైనా ఇట్టే తెలుస్తుంది. కూతకెళ్లినవాడు పట్టుబడితే బయట కూర్చోవాలి. తనవాళ్లు పాయింటు తెస్తేనే తిరిగి లోపలికి వస్తాడు. అదీ వరుస ప్రకారం. ముందు అవుటైనవాడు ముందు వస్తాడు. ఎంత గొప్ప కూతగాడైనా బెంచీ మీద కూర్చుంటే ప్రేక్షకుడితో సమానం.

అందుకే ప్లేఆఫ్స్‌లో ఎదుటి కోచ్ మొదటి పథకం పెద్ద కూతగాడిని ఎక్కువ సేపు బయట కూర్చోబెట్టడమే. వాడిని ఒక్కసారి పట్టాక, ఆ జట్టులోని రెండో కూతగాడికి, మూడో కూతగాడికి ఖాళీ కూతలు మిగిల్చితే చాలు. రెండు కూతలు వట్టిపోతే మూడోది చావోరేవో. పాయింటు తేకపోతే ఆ వెళ్లినవాడూ అవుటే. అలా ఒక్కొక్కరే తగ్గిపోయి ఆలౌట్ అయితే అదనంగా రెండు పాయింట్లు ఎదుటివాడి ఖాతాలో.

మరి బయట కూర్చున్న వీరుడిని లోపలికి తెచ్చేదెవరు? రెండో కూతగాడు తేవాలి. లేదా డిఫెండర్లు ఎదుటి కూతగాడిని పట్టి తేవాలి. చాలామంది గమనించని రహస్యం ఇదే. పట్టు అనేది పాయింట్లు ఆపడానికి మాత్రమే కాదు. తన కూతగాడిని బతికించుకోవడానికి కూడా. బరిలో ముగ్గురే లేదా అంతకంటే తక్కువ మంది మిగిలినప్పుడు పట్టితే రెండు పాయింట్లు. అంటే ఓడిపోయేలా ఉన్న సమయంలో మ్యాచ్‌ను తిప్పగలిగింది కూడా పట్టే. గట్టి పట్టు లేని జట్టులో పెద్ద కూతగాడుండటం ఎడ్లు లేని ఇంట్లో కొత్త నాగలి ఉన్నట్టే.

షికాగో బుల్స్ చెప్పిన పాఠం

బుల్స్ అనే పేరుతోనే అమెరికాలో మరో జట్టుంది. షికాగో బుల్స్. అది బాస్కెట్‌బాల్ జట్టు. మైకేల్ జోర్డాన్ ఆడింది అందులోనే. వాళ్లకూ ఇదే జబ్బు ఉండేది. 1986 ఏప్రిల్ 20న ప్లేఆఫ్స్‌లో బోస్టన్ సెల్టిక్స్ మీద జోర్డాన్ ఒక్కడే 63 పాయింట్లు కొట్టాడు. మ్యాచ్ రెండుసార్లు అదనపు సమయానికి పోయింది. చివరికి 135-131తో సెల్టిక్స్ గెలిచింది. సిరీస్ కూడా 3-0తో పోయింది. తర్వాతి సీజన్లో జోర్డాన్ మ్యాచ్‌కు సగటున 37.1 పాయింట్లు సాధించాడు. మళ్లీ మొదటి రౌండులోనే అదే సెల్టిక్స్ చేతిలో 3-0తో ఓటమి.

1989లో ఫిల్ జాక్సన్ కోచ్‌గా వచ్చాడు. బంతి ఎప్పుడూ జోర్డాన్ చేతిలోనే ఉండాలన్న అలవాటు మాన్పించాడు. సహాయకుడు టెక్స్ వింటర్ నూరిపోసిన ట్రయాంగిల్ పద్ధతిలో అయిదుగురి చేతుల్లోనూ బంతి తిరిగేలా చేశాడు. పక్కనే స్కాటీ పిపెన్ లాంటి గట్టి డిఫెండర్ తయారయ్యాడు. 1991లో తొలి టైటిల్ వచ్చింది. 1998 నాటికి ఆరు టైటిళ్లు. జోర్డాన్ గొప్పతనం తగ్గిందా? లేదు. ఒంటరితనం తగ్గింది. అంతే తేడా.

కబడ్డీకీ బాస్కెట్‌బాల్‌కూ పోలికేమిటని కొందరు అడగొచ్చు. రెండూ నాలుగు గోడల మధ్య ఇరుకు బరిలో ఆడేవే. ఒక్కడు చెలరేగితే మ్యాచ్ మారిపోయే ఆటలే. అందుకే రెండు ఆటల్లోనూ ఆ ఒక్కడి మీద ఆధారపడాలన్న ఆశ పుడుతుంది. ప్లేఆఫ్స్‌లో ఆ ఆశే కొంప ముంచుతుంది.

కన్నడ కోచ్ వచ్చాక

2024 సీజన్లో బుల్స్ చేసిన పని చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. లీగ్ చరిత్రలోనే అత్యధిక రెయిడ్ పాయింట్ల రికార్డు ఉన్న పర్దీప్ నర్వాల్‌ను తెచ్చి ముందు నిలబెట్టారు. 22 మ్యాచ్‌లు ఆడి గెలిచింది రెండే. పట్టికలో అట్టడుగు. ఒక్కడి కూత మీద కట్టిన మేడ అలా కూలింది. పేరు ఎంత పెద్దదైనా దాని వెనక బలగం లేకపోతే ఇంతే.

ఆ తర్వాత కోచ్ బాధ్యత బి.సి. రమేష్ చేతికొచ్చింది. ఈ కర్ణాటక ఆటగాడు 2001 అర్జున అవార్డు గ్రహీత. కోచ్‌గా 2019లో బెంగాల్ వారియర్స్‌కు, 2024 మార్చిలో పుణెరి పల్టన్‌కు కప్పు తెచ్చినవాడు. పుణెరి గెలిచిన ఆ ఫైనల్ స్కోరు 28-25. ఆయన ఆట ఎలా ఉంటుందో చెప్పడానికి ఆ స్కోరు ఒక్కటి చాలు.

2025 సీజన్లో బుల్స్ కట్టు మారింది. కోటి దాటిన సొమ్ము ఒక కూతగాడి మీద కాకుండా డిఫెండర్ యోగేష్ దహియా మీద పెట్టారు. దీపక్ శంకర్, సంజయ్ లాంటివాళ్లు పట్టులో నిలబడ్డారు. కూతలో ఇరాన్ కుర్రాడు అలీరెజా మీర్జాయన్ దున్నేశాడు. అతడికి తోడు కొత్త కుర్రాళ్లకూ కూత దక్కింది. మొదట్లో తడబడ్డారు. అయినా తేరుకుని 18 మ్యాచ్‌ల్లో 11 గెలిచి మూడో స్థానంలో నిలిచారు. అంతకుముందు ఏడాది అట్టడుగున ఉన్న జట్టు మూడో స్థానానికి ఎగబాకడం చిన్న సంగతి కాదు. దాన్ని తక్కువ చేస్తే అన్యాయమే.

మరి ప్లేఆఫ్స్‌లో ఏమైంది? తెలుగు టైటాన్స్ మీద 32-37. పట్నా మీద 37-46. రెండు మ్యాచ్‌లు, రెండు ఓటములు. పట్నా మ్యాచ్‌లో అయాన్ లోహ్‌చబ్ కూతకు అడ్డుకట్ట పడలేదు. పాత జబ్బు మళ్లీ తిరగబెట్టింది. ఇక్కడే జట్టు యాజమాన్యం ముందు రెండు దారులున్నాయి. ఓడిపోయాం కాబట్టి మళ్లీ ఒక పెద్ద పేరు కొనుక్కొచ్చుకోవడం ఒక దారి. నాటిన మొక్కకు ఇంకో రెండేళ్లు నీళ్లు పోయడం రెండో దారి. మొదటి దారిలో పోతే ఎక్కడికి చేరతారో 2024లో చూశారు. రెండో దారే మేలు.

టైటాన్స్ కథ కూడా ఇదే

సరిహద్దులో ఉన్నవాళ్లకు ఒక తంటా ఉంది. బతుకుతెరువు బెంగళూరులో, భాష తెలుగు. బుల్స్, టైటాన్స్ తలపడితే ఎవరి వైపు? ఒకే ఇంట్లో అన్న ఎర్ర చొక్కా, తమ్ముడు టైటాన్స్ జెండా. 2015 సెమీస్‌లో టైటాన్స్ ఒకే ఒక్క పాయింటు తేడాతో 38-39గా బుల్స్ చేతిలో ఓడింది. సరిగ్గా పదేళ్లకు, 2025 మినీ క్వాలిఫయర్‌లో లెక్క సరిచేసింది. అందులోనూ బుల్స్ దగ్గర పేరు తెచ్చుకున్న భరత్ హుడాయే టైటాన్స్ కూతగాడు.

ఎవరి వైపున్నా నేర్చుకోవాల్సిన పాఠం మాత్రం ఒక్కటే. పవన్‌ను 2023లో టైటాన్స్ రెండు కోట్ల అరవై లక్షలకు పైగా పోసి కొంది. అదే ఏడాది హాంగ్జౌ ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణం తెచ్చిన కెప్టెన్ అతడు. అయినా ఆ సీజన్లో టైటాన్స్ 22 మ్యాచ్‌ల్లో గెలిచింది రెండే. అట్టడుగు స్థానం. ఏడాది తిరిగేసరికి నర్వాల్‌తో బుల్స్‌కు పట్టిన గతి కూడా అచ్చంగా అదే. రెండు మ్యాచ్‌లు, అట్టడుగు స్థానం!

2025లో విజయ్ మలిక్ సారథ్యంలో టైటాన్స్ జట్టుగా ఆడి క్వాలిఫయర్-2 దాకా పోయింది. అక్కడ పుణెరి మీద 45 పాయింట్లు సాధించింది. అందులో భరత్ ఒక్కడివే 23. కానీ ఇచ్చింది 50. బయటికి. అదే పుణెరిని ఫైనల్లో దబంగ్ ఢిల్లీ 28 దగ్గర ఆపి 31-28తో కప్పు పట్టుకుపోయింది. 45 సాధించినవాళ్లు ఓడారు, 31 సాధించినవాళ్లు గెలిచారు. ఇంతకంటే తేటగా ఎవరు చెప్పాలి?

డిఫెండర్ ఒక్కడున్నా చాలడు

అలాగని ఒక ఖరీదైన డిఫెండర్‌ను తెచ్చేస్తే పనైపోతుందా అంటే అదీ కాదు. ఇరాన్‌కు చెందిన మొహమ్మద్‌రెజా షాద్లూ సంగతి చూడండి. 2023-24 సీజన్లో పుణెరికి ఆడి కప్పు గెలిచాడు. 2024లో హర్యానాకు ఆడి మళ్లీ కప్పు గెలిచాడు. రెండు వేర్వేరు జట్లతో వరుసగా రెండు కప్పులు! పట్టు విలువ ఏమిటో దీంతో తెలిసొచ్చింది. వెంటనే 2025లో గుజరాత్ రెండు కోట్లు దాటిన ధరకు అతడిని కొంది. ఫలితం? మొదటి ఎనిమిది జట్లలోనే లేదు.

ఎందుకంటే పట్టు ఒక్కడి పని కాదు. కార్నర్‌లో ఉన్నవాడు చీలమండ పట్టుకుంటాడు. అదే క్షణంలో కవర్‌లో ఉన్నవాడు వచ్చి మీద పడాలి. అర క్షణం ఆలస్యమైతే కూతగాడు చెయ్యి చాచి గీత తాకేస్తాడు. అప్పుడు ఒక్కడు కాదు, పట్టడానికి వచ్చిన ఇద్దరు ముగ్గురూ అవుట్. తొందరపడి ముందే దూకినా అంతే. ఈ పొందిక ఒక వేలంలో కొంటే వచ్చేది కాదు. ఒకే నలుగురు కలిసి సీజన్ల తరబడి ఆడితే వచ్చేది. హర్యానా, పుణెరి గెలిచింది షాద్లూ ఉండబట్టి మాత్రమే కాదు. అతడి పక్కన అప్పటికే ఒకరి కదలిక ఒకరికి తెలిసిన కుర్రాళ్లు ఉండబట్టి కూడా.

కాబట్టి బుల్స్ యాజమాన్యం చేయాల్సిన పని కష్టమైనదేమీ కాదు, ఓపిక కావాల్సినది. గట్టిగా ఆడుతున్న కార్నర్లను, కవర్లను చెదరనివ్వకూడదు. కూతలో ఒకడు అవుటైతే ఇంకొకడు ఆదుకునేలా ముగ్గురిని సమానంగా తయారుచేయాలి. లీగ్ దశలోనే, పట్టికలో స్థానం ఖాయమయ్యాక మిగిలిన మ్యాచ్‌ల్లో, ప్రధాన కూతగాడిని కాసేపు పక్కన పెట్టి ఆడి చూడాలి. వాడు లేకుండా పది నిమిషాలు నిలబడగలిగే జట్టే ప్లేఆఫ్స్‌లో నిలబడుతుంది.

స్టార్ లేకపోతే జనం రారు, టికెట్లు తెగవు, టీవీలు చూడరు అనేవాళ్లున్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. 2019 జనవరిలో కప్పు తెచ్చింది ఒక స్టారే కదా అన్నా కాదనలేం. కానీ ఆ ఫైనల్లో గుజరాత్‌ను 33 దగ్గర ఆపిన చేతుల్ని ఎవరూ లెక్కపెట్టరు. అంతకు ముందు క్వాలిఫయర్‌లో అదే గుజరాత్‌ను 29 దగ్గర ఆపి, 41-29తో గెలిచిన సంగతీ గుర్తుండదు. ఆ ఒక్క ఏడాది పట్టు కూడా తోడైంది కాబట్టే కూతకు కప్పు దక్కింది. జనానికి గుర్తుండేది కూత. కప్పు తెచ్చేది రెండూ.

ఇల్లు లేని జట్టు

మరో మాట కూడా చెప్పుకోవాలి. పేరులో బెంగళూరు ఉన్నా ఈ జట్టుకు బెంగళూరులో ఆడే యోగం తక్కువ. 2017లో సొంత ఊరి మ్యాచ్‌లను నాగపూర్‌లో ఆడాల్సి వచ్చింది. 2021-22 సీజన్ మొత్తం బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోనే జరిగినా కరోనా వల్ల ఒక్క ప్రేక్షకుడూ లేడు. 2023 డిసెంబర్‌లో కంఠీరవ ఇండోర్ స్టేడియంలో కొన్ని రోజులు ఆడారు. 2024లో హైదరాబాద్, నోయిడా, పుణెలకు, 2025లో విశాఖ, జైపూర్, చెన్నై, ఢిల్లీలకు లీగ్ వెళ్లింది. బెంగళూరుకు రాలేదు.

దీనికీ ఆట తీరుకూ సంబంధం ఉంది. పట్టు మీద నమ్మకం పెట్టుకుని ఓపికగా ఆడే జట్టుకు సొంత జనం తోడు కావాలి. ఖాళీ కూత వేసి వచ్చినా, చావోరేవో కూత కోసం కాచుకున్నా గోల పెట్టకుండా వెన్నుతట్టే జనం. ఊరూరా తిరిగే జట్టుకు ఆ ఆసరా ఉండదు. తెలియని జనం ముందు మెప్పు కోసం దూకుడుగా పోవాలనిపిస్తుంది. 2025లో కప్పు గెలిచిన దబంగ్ ఢిల్లీ ఫైనల్ ఆడింది సొంత ఊళ్లోనే. హిందూపురంలో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి కంఠీరవ చేరుకోవచ్చు. అక్కడ మ్యాచ్‌లు పెడితే ఇక్కడి కుర్రాళ్లు బోగీలు నింపరా? లీగ్ పెద్దలు, యాజమాన్యం, కర్ణాటక ప్రభుత్వం ముగ్గురూ కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతిది.

ఊరి బరిలో మొదలు కావాలి

ఇదంతా బెంగళూరు జట్టు గొడవ, మనకేంటి అనుకుంటే పొరపాటు. సంక్రాంతికో, శ్రీరామనవమికో ఊళ్లో పోటీలు పెడితే కుర్రాళ్లంతా కూతకే ఎగబడతారు. టీవీలో చూపించేది అదే కాబట్టి. పట్టుకు నిలబడమంటే మొహం చిట్లిస్తారు. బహుమతులూ అలాగే ఉంటాయి. ఉత్తమ కూతగాడికి కప్పు ఉంటుంది, కార్నర్‌లో మోకాళ్లు చెక్కుకుపోయేలా నిలబడ్డవాడికి చప్పట్లే.

కానీ వేలం పాట చూడండి. డిఫెండర్లకూ, ఆల్‌రౌండర్లకూ కోట్లు పలుకుతున్నాయి. కూత పోటీలో వంద మంది ఉంటే పట్టు పోటీలో పది మందే ఉంటారు. పొలం పనులు చేసి చేతులు గట్టిపడ్డ మన పల్లె కుర్రాళ్లకు ఆ పది మందిలో చోటు దొరకడం అసాధ్యమేమీ కాదు. ఊరి పోటీలు పెట్టే పెద్దలు ఈసారి ఉత్తమ పట్టుకు కూడా కూతతో సమానంగా బహుమతి పెట్టి చూడాలి. స్కూల్లో ఆట నేర్పే పీఈటీ సార్లు వారానికి ఒక రోజు కూత పక్కన పెట్టి, గొలుసు కట్టి పట్టడం మాత్రమే నేర్పాలి. ఖర్చేమీ లేని పనులివి.

అటు బెంగళూరులోనూ అంతే. బుల్స్ మళ్లీ ప్లేఆఫ్స్ గడప తొక్కిన రోజున అభిమాని అడగాల్సిన ప్రశ్న మారాలి. ఈరోజు మనోడు ఎన్ని పాయింట్లు తెస్తాడు అని కాదు. ఈరోజు మనోళ్లు ఎదుటివాళ్లకు ఎన్ని ఇస్తారు అని. జవాబు ముప్పై అయిదు లోపు ఉంటే కప్పు మీద ఆశ పెట్టుకోవచ్చు. నలభై దాటితే.. ఎంత గొప్ప కూత ఉన్నా మళ్లీ ఇంటిదారే.